గుంపు అంచనాకు ఏ వేదిక? చిత్తూరు, తిరుపతి చిన్న సంస్థల కోసం ఒక పోలిక

జూన్ మొదటి వారంలో చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీ నడిపేవారికి అన్నింటికన్నా ముందు తెలియవలసింది, జూలై నడిమికి తోతాపురి కాయ ర్యాంపులో, అంటే దళారులు కాయ కొనే చోట, ఏ ధర పలుకుతుందన్న విషయం. దీనికి సమాధానం ఏ ఒక్క మనిషి దగ్గరా పూర్తిగా ఉండదు. తోటలో కాపు ఎంత నిలిచిందో రైతుకు తెలుసు. బంగారుపాళెం, దామలచెరువు మండీలకు రోజుకు ఎన్ని బండ్లు వస్తున్నాయో కమీషన్ ఏజెంటుకు తెలుసు. నిరుటి గుజ్జు డ్రమ్ములు గోదాములో ఎన్ని మిగిలాయో స్టోరు గుమస్తాకు తెలుసు. విదేశీ కొనుగోలుదారు బేరం ఎక్కడ ఆగిందో ఎగుమతి కాగితాలు చూసేవారికి తెలుసు. ఈ తునకలన్నింటినీ ఒకచోటికి చేర్చి ఒక్క అంకెగా మార్చేందుకు, అంటే గుంపు అంచనా కట్టేందుకు, ఆన్‌లైన్‌లో ఇప్పుడు చాలా వేదికలు ఉన్నాయి. వాటిలో ఏది ఎవరికి సరిపోతుందో చెప్పడమే ఈ వ్యాసం పని.

మామూలు మార్కెట్ సర్వేకూ గుంపు అంచనాకూ ఉన్న తేడాను మొదటే గుర్తించాలి. సర్వే "ఈ సరుకు మీరు కొంటారా" అని అడుగుతుంది. గుంపు అంచనా "ఈ సరుకు ఎంత అమ్ముడుపోతుంది" అని అడుగుతుంది. మొదటి ప్రశ్నకు మనిషి తన ఇష్టాన్ని, కొంతవరకు తన మర్యాదను కూడా కలిపి జవాబిస్తాడు. రెండో ప్రశ్నకు తాను చూసినదాన్ని, తన చుట్టూ ఉన్నవారి తీరును లెక్కలోకి తీసుకుంటాడు. అందువల్ల కొద్దిమందిని అడిగినా రెండో ప్రశ్న ఎక్కువ సమాచారాన్ని రాబడుతుంది. అయితే ఆ కొద్దిమంది ఎవరన్నదాని మీదే ఫలితమంతా ఆధారపడుతుంది.

## ఎంచుకునే ముందు చూడవలసినవి

మనుషులు. వేదిక గురించి ఆలోచించే ముందు, ఎవరిని అడగబోతున్నారో ఒక కాగితం మీద పేర్లు రాసుకోండి. ఈ రంగంలో అందరూ చెప్పే పాత ఉదాహరణ ఒకటి ఉంది. 1906లో ఇంగ్లండులోని ప్లిమత్ పశు ప్రదర్శనలో, ఒక ఎద్దును కోసి శుభ్రం చేశాక మాంసం ఎంత తూగుతుందో చెప్పాలని పోటీ పెట్టారు. టికెట్టు ఆరు పెన్నీలు. ఆ టికెట్లను గణాంక శాస్త్రజ్ఞుడు ఫ్రాన్సిస్ గాల్టన్ తీసుకుని లెక్కకట్టి 1907లో నేచర్ పత్రికలో ప్రచురించాడు. పనికివచ్చిన 787 అంచనాలను వరుసగా పేర్చితే నడుమ నిలిచినది 1207 పౌండ్లు, అసలు తూకం 1198 పౌండ్లు. ఈ కథను "గుంపు ఎప్పుడూ తెలివైనదే" అనడానికి వాడుతుంటారు గానీ, నాకు అందులో కనిపించేది వేరు. టికెట్టు కొన్నవారిలో కసాయివారు, రైతులు ఎందరో ఉన్నారు. రుసుము ఉండటంతో సరదాకు రాసేవారు తగ్గారు. ఎవరి అంకె వారు విడిగా రాశారు. చివరికి తక్కెడ తీర్పు చెప్పింది. ఈ నాలుగింటిలో ఏది లోపించినా 787 మంది కాదు, ఏడువేల మంది రాసినా ఉపయోగం తక్కువే.

తేలే ప్రశ్న. ఏ తేదీన, ఎవరి లెక్క ప్రకారం జవాబు తేలుతుందో ముందే రాయలేని ప్రశ్నకు ఏ వేదికా పనిచేయదు. 2025 సీజనునే తీసుకుందాం. ధర పడిపోయినప్పుడు కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు ఇవ్వాలని, తాను 4 రూపాయలు కలుపుతానని, మొత్తం 12 రూపాయలు రైతుకు అందాలని రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. "తోతాపురి ధర 10 దాటుతుందా" అని ముందుగా అడిగి ఉంటే దానికి అవునని చెప్పాలా, కాదని చెప్పాలా? సబ్సిడీ కలిపిన ధరా, ఫ్యాక్టరీ చేతినుంచి పడే ధరా, ర్యాంపులో దళారి ఇచ్చే ధరా అన్నది ప్రశ్నలోనే ఉండకపోతే, అంచనా సరిగా వేసినవాడే చివరికి ఓడిపోయి అలుగుతాడు, మరుసటిసారి పాల్గొనడు.

మిగిలినవి తొందరగా చెప్పుకోవచ్చు: ఎంతమంది దొరుకుతారు, విషయం బయటికి పొక్కినా ఫరవాలేదా, వారానికి ఎంత సమయం పెట్టగలరు, చట్టం ఏమంటుంది.

## డబ్బు పెట్టే వేదికలు

చట్టం మాటే మొదట వస్తుంది కనుక దీన్ని ముందే తేల్చేద్దాం. అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయం 1988లో ఎన్నికల మీద అంచనాల మార్కెట్ మొదలుపెట్టింది. ఇటువంటి మార్కెట్‌లో, అనుకున్నది జరిగితే డబ్బు వచ్చే షేర్లను కొంటారు, అమ్ముతారు; ఆ షేరు పలికే ధరనే అది జరిగే అవకాశం ఎంత శాతమో చెప్పే గుంపు అంచనాగా చదువుకోవచ్చు. అందులో ఒక్కొక్కరు 500 డాలర్లకు మించి పెట్టడానికి వీల్లేదు. ఈ కాలంలో పాలీమార్కెట్, కల్షీ వంటివి అదే పనిని భారీ మొత్తాలతో చేస్తున్నాయి. వాటి ధరలను వార్తల్లో చదవడం వేరు, మన దేశంలో అలాంటి దానిలో డబ్బు పెట్టడం వేరు. ఆంధ్రప్రదేశ్‌లో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించారు. ఒక సంఘటన జరుగుతుందా, లేదా అన్నదాని మీద డబ్బు పెట్టించే ఒపీనియన్ ట్రేడింగ్ వేదికలు తన పరిధిలో లేవని, వాటిలో మదుపరులకు రక్షణ ఉండదని షేర్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2025 ఏప్రిల్‌లో హెచ్చరించింది. అదే ఏడాది ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం, డబ్బు పణంగా పెట్టే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించింది. వాటిని నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. సంస్థలోని సిబ్బంది తలా వంద రూపాయలు వేసుకుని గెలిచినవారికి ఇచ్చే ఏర్పాటు కూడా ఇదే దారిలోకి వస్తుంది కనుక దాని జోలికి పోవద్దు. పాల్గొనేవారి దగ్గర పైసా తీసుకోకుండా, సంస్థ తన ఖర్చుతో బహుమతి ఇవ్వాలనుకున్నా ఒకసారి మీ న్యాయవాదిని అడగడం మంచిది.

డబ్బు లేకపోతే అంచనా నాణ్యత పడిపోతుందేమోనన్న దిగులు అక్కరలేదు. 2003లో అమెరికా ఫుట్‌బాల్ లీగులోని 208 ఆటల మీద అసలు డబ్బుతో నడిచిన మార్కెట్‌నూ, ఉత్తుత్తి డబ్బుతో నడిచిన మార్కెట్‌నూ పోల్చి చూసిన పరిశోధకులకు ఖచ్చితత్వంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

## బహిరంగ వేదికలు: మెటాక్యులస్, గుడ్ జడ్జ్‌మెంట్ ఓపెన్, మానిఫోల్డ్

ఈ మూడూ ఎవరైనా చేరగలిగినవే. మెటాక్యులస్ 2015 నుంచి నడుస్తోంది. అందులో కొనడం, అమ్మడం ఉండదు. ఒక సంఘటన జరిగే అవకాశం ఎంత శాతమో చెప్పాలి, తేలాక మార్కులు పడతాయి. గుడ్ జడ్జ్‌మెంట్ ఓపెన్ కూడా దాదాపు అలాంటిదే. అమెరికా నిఘా పరిశోధన సంస్థ 2011లో పెట్టిన అంచనాల పోటీలో మనస్తత్వ శాస్త్రవేత్త ఫిలిప్ టెట్‌లాక్ బృందం సాధించిన గెలుపు నుంచి అది పుట్టింది. మానిఫోల్డ్‌లో మానా అనే ఉత్తుత్తి నాణేలతో షేర్ల తరహాలో అంచనాలు కొంటారు, అమ్ముతారు. అక్కడ ఎవరైనా తమ ప్రశ్న తాము పెట్టుకోవచ్చు.

వీటిని మన వ్యాపారానికి ఎలా వాడాలి? బయటి విషయాలకు వాడాలి. డాలరు మారకం, చమురు ధర, ఎల్ నినో, పెద్ద దేశాల సుంకాలు వంటివాటి మీద అక్కడ వందలమంది వేసిన అంచనాలు ఉచితంగా దొరుకుతాయి. ఎగుమతి చేసే గుజ్జు ఫ్యాక్టరీకి ఇవి పనికివచ్చే సరుకే. కాని "శ్రీకాళహస్తి కలంకారీ చీరలు ఈ దసరాకు ఎన్ని అమ్ముడుపోతాయి" అని మానిఫోల్డ్‌లో పెడితే, జవాబిచ్చే పదిమందిలో ఒక్కరికీ పెన్ను కలంకారీకీ అచ్చు కలంకారీకీ తేడా తెలియకపోవచ్చు. పైగా మీ ప్రశ్నను మీ పోటీదారు కూడా చదువుతాడు. ఇంటి గుట్టు అక్కడ పెట్టేది కాదు.

## సంస్థ లోపలి ఉత్తుత్తి మార్కెట్

వినడానికి అన్నింటికన్నా ఆకర్షణీయంగా ఉండేది ఇదే, నడపడానికి కష్టమైనదీ ఇదే. 1990ల చివర్లో హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థలో కేయుట్ చెన్, చార్లెస్ ప్లాట్ అనే ఇద్దరు ప్రింటర్ల అమ్మకాల మీద ఇలాంటి మార్కెట్లు నడిపారు. ఒక్కొక్క దానిలో పాల్గొన్నవారు కొన్ని పదుల మందే. సంస్థ తన అధికారిక అంచనా కూడా వేసుకున్న ఎనిమిది సందర్భాల్లో ఆరింటిలో మార్కెట్ అంచనాయే వాస్తవానికి దగ్గరగా వచ్చింది. 2005లో గూగుల్ కూడా ఉద్యోగుల మధ్య ఉత్తుత్తి మార్కెట్ పెట్టింది. ఆ లావాదేవీలను పరిశీలించినవారికి రెండు విషయాలు తెలిశాయి. సంస్థకు మేలు జరుగుతుందన్న వైపే ధరలు కాస్త మొగ్గాయి, కొత్తగా చేరినవారిలో ఆ మొగ్గు ఎక్కువ. ఆఫీసులో పక్కపక్కన కూర్చునేవారి అంచనాలు ఒకేలా ఉన్నాయి.

చిన్న సంస్థలో మొదట ఎదురయ్యే చిక్కు, కొనేవాడికి అమ్మేవాడు దొరకకపోవడం. దానికి ఆర్థికవేత్త రాబిన్ హాన్సన్ ఒక సూత్రం రూపొందించాడు. ఎవరు ఏది కొనాలన్నా యంత్రమే ఎదుటి పక్షంగా నిలబడి, కొన్నకొద్దీ ధర పెంచుతుంది. ఇందులో లోతును, అంటే ధర ఎంత తేలిగ్గా కదలాలో, నిర్ణయించే ఒక అంకె ఉంటుంది, దాన్ని నిర్వాహకుడే పెట్టుకోవాలి. అవును, కాదు అనే రెండు జవాబుల ప్రశ్నకు ఆ అంకె 100 అనుకుంటే, 50 శాతం దగ్గరున్న ధరను 75 శాతానికి నెట్టడానికి దాదాపు 69 పాయింట్లు చాలు. అంటే ఒక్కొక్కరికి వెయ్యి పాయింట్లు ఇచ్చిన మార్కెట్‌లో ఒకే మనిషి తన సంచిలో ఏడు శాతం ఖర్చుపెట్టి ఫలితాన్ని తలకిందులు చేయగలడు. అంకెను వెయ్యికి పెంచితే చిన్నచిన్న కొనుగోళ్లకు ధర కదలనట్టే ఉంటుంది, పాల్గొనేవారికి విసుగు పుడుతుంది. పాతిక మంది సిబ్బంది ఉన్న సంస్థ ఈ తూకాన్ని సరిగా పెట్టుకోవడానికే ఒక సీజను గడిచిపోతుంది.

అయినా దీనికి ఒక చోటు ఉంది. శ్రీసిటీలోని పెద్ద కర్మాగారాల వంటి చోట్ల వందలమంది ఉద్యోగులు వేర్వేరు విభాగాల్లో ఉంటారు. కింది ఉద్యోగి పై అధికారికి చేదు వార్త నోటితో చెప్పలేడు. "కొత్త లైను చెప్పిన తేదీకి మొదలవుతుందా" అన్న ప్రశ్నకు పేరు కనిపించని మార్కెట్‌లో ధర రోజురోజుకూ పడిపోతుంటే ఆ చేదు వార్త ఎవరి నోటా రాకుండానే పైకి చేరుతుంది. ఇది సర్వేతో సాధ్యమయ్యేది కాదు.

## మార్కులు వేసే అంచనా పట్టిక

నా ఓటు చాలామటుకు దీనికే. ఇందులో మార్కెట్ ఉండదు. ప్రతివారం ప్రతి ఒక్కరూ తమ శాతాన్ని విడిగా రాస్తారు, తేలాక మార్కులు పడతాయి. మార్కుల పద్ధతి 1950లో గ్లెన్ బ్రయర్ వాతావరణ సూచనల కోసం చెప్పినది. జరిగితే 1, జరగకపోతే 0 అనుకుని, మీరు చెప్పిన శాతానికీ దానికీ ఉన్న తేడాను వర్గం చేయాలి. 80 శాతం అన్నది జరిగితే 0.04 పడుతుంది, జరగకపోతే 0.64. ఎప్పుడూ 50 శాతమే అని తప్పించుకునేవాడికి ప్రతిసారీ 0.25 పడుతుంది. మార్కు తక్కువైతే మేలు. గొప్పలు చెప్పేవాడికీ, గోడమీద పిల్లికీ రెండు నెలల్లో తేడా తెలిసిపోతుంది.

దీనికి గూగుల్ ఫారం, ఒక ఎక్సెల్ షీటు చాలు. కాని ఒక మెలిక ఉంది. టెట్‌లాక్ బృందం సమాచారంతో 2017లో వెలువడిన పోలికలో, అందరి శాతాలకూ ఊరికే సగటు తీస్తే మార్కెట్‌కన్నా వెనకబడింది. పాత మార్కులు బాగున్నవారికి, అంచనాను తరచూ సవరించుకునేవారికి ఎక్కువ బరువు ఇచ్చి, కొత్త అంచనాలకు ప్రాధాన్యమిచ్చి లెక్క కడితే మార్కెట్‌ను దాటింది. అందువల్ల మొదటి సీజనులో వచ్చే అంకెలను నమ్మి కాయ కొనవద్దు. ఆ సీజను ఎవరి చేయి సూటిగా ఉందో తెలుసుకోవడానికి.

## కొత్త సరుకైతే?

ఇంతవరకు చెప్పినవన్నీ చివరికి తేలే ప్రశ్నలకు. కొత్త సరుకు రకాల్లో ఏది పెట్టాలన్న ప్రశ్న అలా తేలదు, ఎందుకంటే పెట్టని రకం ఎంత అమ్ముడుపోయేదో ఎప్పటికీ తెలియదు. ఎమ్ఐటీ పరిశోధకులు సైకిలు పంపుల నమూనాల వంటివాటిని షేర్లలా మార్చి, విద్యార్థుల చేత కొనుగోళ్లు, అమ్మకాలు చేయించి చూశారు. సర్వే ఫలితాలకు దగ్గరగానే ధరలు వచ్చాయి. కాని తేల్చే తక్కెడ లేనప్పుడు ప్రతివాడూ సరుకును కాక పక్కవాడి మనసును అంచనా వేయడం మొదలుపెడతాడు. 1936లో ఆర్థికవేత్త కీన్స్ షేర్ మార్కెట్‌ను పత్రికల అందాల పోటీతో, అంటే తనకు నచ్చిన ముఖాన్ని కాక ఎక్కువమందికి నచ్చే ముఖాన్ని ఎంచినవాడే గెలిచే పోటీతో, పోల్చింది దీన్ని గురించే. ఇటువంటి చోట మామూలు సర్వేలోనే ఒక ప్రశ్న చేర్చడం సులువు: "మీ వీధిలో పది ఇళ్లలో ఎన్ని ఇళ్లవారు దీన్ని కొంటారు?" ఒక్క పూటలో అయిపోయే పని.

## పక్కపక్కన పెడితే

| పద్ధతి | కనీసం ఎందరు | గుట్టు | శ్రమ | దేనికి మేలు |
|---|---|---|---|---|
| బహిరంగ వేదికలు | మీరు ఒక్కరే చాలు | ఉండదు | చాలా తక్కువ | మారకం, వాతావరణం, సుంకాలు |
| లోపలి ఉత్తుత్తి మార్కెట్ | చురుకైనవారు 50 మందైనా | ఉంటుంది | ఎక్కువ | గడువులు, పైకి రాని చేదు వార్తలు |
| మార్కుల పట్టిక | 10 నుంచి 30 | ఉంటుంది | వారానికి రెండు గంటలు | ధరలు, అమ్మకాలు, మండీకి సరుకు రాక |
| పొరుగువారి గురించి అడిగే సర్వే | 100 మందైతే మంచిది | కొంత | ఒకసారికే | కొత్త సరుకు, కొత్త ప్యాకెట్ |

మనుషుల సంఖ్యలు, శ్రమ లెక్క నా అనుభవం మీద చెప్పినవి, సిద్ధాంతం కాదు.

## ఎవరికి ఏది

గుజ్జు ఫ్యాక్టరీకి మార్కుల పట్టిక సరిపోతుంది. ర్యాంపు మనుషులు, లారీ ట్రాన్స్‌పోర్టువారు, ఇద్దరు ముగ్గురు పెద్ద రైతులు, స్టోరు, ఎగుమతి విభాగం కలిపి పదిహేను మంది దొరుకుతారు. అయితే ధరను నిర్ణయించే చేయి ఫ్యాక్టరీదే అయినప్పుడు ఆ ప్రశ్న అంచనా కాదు, నిర్ణయం. తమ గేటు ధరను కాక మండీ ధరను, రోజువారీ రాకను అడగాలి. రైతులు ఆ జాబితాలో ఉన్నప్పుడు వారి అంకెలను వారితోనే బేరానికి వాడుకోవడం అన్యాయమని వేరే చెప్పనక్కరలేదు. ఒక్కసారి అలా చేస్తే వారి నుంచి మళ్లీ నిజం రాదు.

తిరుపతి బస్టాండు, రైల్వే స్టేషను చుట్టూ యాత్రికులకు మామిడి తాండ్ర, చిరుతిళ్లు అమ్మే చిన్న తయారీదారు సంగతి వేరు. కొనేవాడు ఇవాళ ఉంటాడు, రేపు ఊరు దాటిపోతాడు. అతణ్ని సర్వే చేయడం వృథా. అంగడిలో నిలబడే కుర్రాళ్లే ఇక్కడ నిపుణులు. ఏ రాష్ట్రం బస్సు దిగితే ఏది అడుగుతారో వాళ్లకు తెలుసు. బ్రహ్మోత్సవాల తొమ్మిది రోజులకు ఎన్ని పెట్టెలు దింపాలో పది మంది అంగడివాళ్ల చేత విడివిడిగా చీటీల మీద రాయించి, వరుసలో నడిమి అంకెను తీసుకోండి. గాల్టన్ ఎద్దు లెక్క ఇంతకంటే పెద్దదేం కాదు.

లాడ్జీలు నడిపేవారికి దీని అవసరం నాకు పెద్దగా కనిపించదు. దర్శనం టికెట్ల విడుదల, సెలవుల పట్టిక, తమ పాత రిజిస్టరు చూస్తే చాలామటుకు తెలిసిపోతుంది. ఉన్న లెక్కతో తేలే విషయానికి గుంపును కూడగట్టడం దండగ. వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలోనో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలోనో ఎంబీఏ చదువుతూ ప్రాజెక్టు కోసం వెతికేవారికైతే లోపలి మార్కెట్‌నూ మార్కుల పట్టికనూ ఒకే ప్రశ్నల మీద పక్కపక్కన నడపమంటాను. తరగతిలో అరవై మంది ఉంటారు, పోలికకు అది చాలు. మామిడి గురించి తెలియని విద్యార్థులను మామిడి గురించి మాత్రం అడగవద్దు.

## ఏ వేదికైనా చెడిపోయే చోట్లు

నాకు తెలిసిన ఒక చిరుతిళ్ల సంస్థలో పట్టిక మొదలైన రెండో వారమే, యజమాని ఉత్సాహంతో తన అంచనాను వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ఆ సాయంత్రానికి వచ్చిన అంకెలన్నీ ఆయన అంకె చుట్టూ ఈగల్లా మూగాయి. పన్నెండు మంది రాసినా ఉన్నది ఒక్కరి అంచనాయే. ఆ తర్వాత ఫారం మూసేవరకు ఎవరి అంకె ఎవరికీ కనబడకుండా చేశాం. యజమాని చివరన రాయాలన్న నియమం కూడా పెట్టాం. ఆ నియమానికి ఆయన కొంచెం నొచ్చుకున్నాడు.

సేల్స్‌వాళ్ల అంచనాను వాళ్ల టార్గెట్‌కు ముడిపెట్టడం ఇంకో ప్రమాదం. తాను చెప్పిన అంకే రేపు తన మెడకు చుట్టుకుంటుందని తెలిసినవాడు తక్కువే రాస్తాడు. తప్పు అతనిది కాదు. అంచనాకు మార్కు, టార్గెట్‌కు వేరే లెక్క ఉండాలి, ఆ సంగతి వాళ్లకు ముందే చెప్పాలి. చాలా అరుదైన సంఘటనలకు గుంపు ఇచ్చే చిన్న శాతాలను కూడా యథాతథంగా తీసుకోవద్దు. రెండు శాతమా, ఆరు శాతమా అన్న తేడా మనుషుల మనసుకు సరిగా అందదు. ఆ కొసల్లో మార్కెట్లు కూడా తడబడతాయి.

మొదలుపెట్టదలచినవారు ఒకే ఒక ప్రశ్నతో మొదలుపెట్టండి. ఉదాహరణకు ఇలా రాయవచ్చు: "జూలై 15న బంగారుపాళెం మార్కెట్ యార్డులో తోతాపురి కిలో సగటు ధర, ప్రభుత్వ సబ్సిడీ కలపకుండా, యార్డు రిజిస్టరు ప్రకారం, 6 రూపాయల లోపు, 6 నుంచి 9 లోపు, 9 నుంచి 12 లోపు, 12 లేదా అంతకు మించి అనే నాలుగింటిలో దేనిలో ఉండే అవకాశం ఎంత శాతం? ఆ రోజు యార్డు పనిచేయకపోతే మరుసటి పనిదినం లెక్క." నాలుగు శాతాలూ కలిపితే వంద కావాలి. జవాబులు శుక్రవారం సాయంత్రం ఆరుగంటల లోపు రావాలి, ఆ తర్వాతే అందరికీ చూపించాలి.